ఐదున్నర గంటల తేడా

ఉదయం ఏడూ ఇరవైకి ప్రేమలత కోరుట్లలో బస్సు దిగింది. జగిత్యాలలో ఎక్కినప్పుడు కళ్లు మూసుకుందామనుకుంది. సీటు పక్కన ఎవరో గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చోవడంతో ఆ నిద్రా పోయింది. పోలీసు శాఖ కంప్యూటర్ సెక్షన్‌లో ఇరవై రెండేళ్లు చేసి, ఎవరూ చదవని రిపోర్టులు రాసి రాసి విసిగి, మూడేళ్ల కింద స్వచ్ఛంద విరమణ తీసుకుంది. ఇప్పుడు చేస్తున్నది ప్రైవేటు దర్యాప్తు. విసుగు మాత్రం పాతదే.

వినోద్ రిపేరు షాపు షట్టరు సగం ఎత్తి, అతని భార్య శ్రావణి ఎదురుచూస్తోంది. వినోద్ అరెస్టయి వారం. సాక్ష్యం చెరిపేశాడని కేసు.

"రండ్రి మేడం. చాయ్ తాగుతరా?"

"తాగుత. ముందు బుధవారం సంగతి చెప్పు. టైములతోని చెప్పు."

శ్రావణి వేళ్లు మడుస్తూ చెప్పింది. "పొద్దుగాల ఎనిమిది ఇరవైకి సిరిసిల్ల నుంచి ఫోనచ్చింది. గార్మెంట్ యూనిట్ మేనేజరు జగదీశ్ సారు. 'ఇయ్యాల యూనిట్ బందున్నది, ఖాళీగనే ఉంటది, అచ్చి పని చేస్కపో' అన్నడు. ఈయన బిడ్డను బడికాడ దింపి అచ్చి, తిన్నడు. తొమ్మిది దాటినంక బస్టాండుకు పోయిండు."

"బస్సు టికెట్ ఉన్నదా?"

"అంగి జేబుల ఉండె. ఉతుకుదామని తీసి, చేతులాడక పక్కన వెట్టిన."

టికెట్ మీద బుధవారం తేదీ, అచ్చయిన సమయం 9.43. కోరుట్ల నుంచి సిరిసిల్లకు. ప్రేమలత దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంది. పోలీసుల లెక్కలో నేరం జరిగింది మధ్యాహ్నం రెండూ నలభైకి. తొమ్మిదింటికి వినోద్ ఎక్కడున్నాడన్నది వాళ్లకు అక్కర్లేదు. అక్కర్లేని కాగితాలు దాచడం ఆమెకు అలవాటు.

"ఆయన పెన్‌డ్రైవులు ఎట్ల తయారు చేస్తడో నువ్వు చూసినవా?"

"ఎందుకు చూడ మేడం, నేనే సగం చేస్త."

సొరుగు లాగింది. ఇరవైకి పైగా పెన్‌డ్రైవులు, ఒక్కోదానికి తెల్ల టేపు, దాని మీద తేదీ, లోపలున్న సిస్టం పేరు. విండోస్ మోయలేని పాత కంప్యూటర్లను వినోద్ పారేయనిచ్చేవాడు కాదు. లైనక్స్ ఎక్కించి మళ్లీ నడిపించేవాడు. ఆ లైనక్స్ మొత్తం ఇమేజ్ అనే ఒకే ఫైలుగా వస్తుంది. దాన్ని పెన్‌డ్రైవు మీద ఉన్నదున్నట్టు రాస్తే, కంప్యూటరు ఆ పెన్‌డ్రైవు నుంచే మేలుకుంటుంది. రాసే ఆజ్ఞ, అంటే కమాండు, ఒక్క వరుస. ఎక్కడినుంచి, ఎక్కడికి. ఆ "ఎక్కడికి" దగ్గర ఒక్క అక్షరం మారితే పెన్‌డ్రైవుకు బదులు పక్కనున్న హార్డ్ డిస్కు మీద రాసుకుంటూ పోతుంది. అడగదు, ఆగదు.

"ముందుగాల తగిలించిన డిస్కుల లిస్టు తీస్తడు," అంది శ్రావణి. "సైజులు చూసి ఏది ఏందో కాగితం మీద రాస్కుంటడు. రెండుసార్లు చూసినంకనే ఎంటర్ కొడ్తడు. మా పెండ్లి ఫోటోలు గిట్లనే పోయినయి మేడం. ఒక్క అక్షరం తప్పువడ్డది. నేను నాలుగు రోజులు మాట్లాడలే. అప్పటిసంది లిస్టు తియ్యంగ ఎన్నడు మర్వలే."

ప్రేమలత చాయ్ తాగి, ఆ సొరుగులోంచి ఒక పెన్‌డ్రైవు అడిగి తీసుకుంది. సిరిసిల్ల యూనిట్‌లో పోలీసులకు దొరికిన పెన్‌డ్రైవుకు అది జంట. అదే ఇమేజ్, అదే వారం తయారైంది.

*

సిరిసిల్ల బస్సులో ఆమె నలభై ఆరు పేజీల నిపుణుడి రిపోర్టు రెండోసారి చదివింది. రాసింది రిత్విక్. ఎంటెక్, కరీంనగర్‌లో సైబర్ సంస్థ. యూనిట్ యజమాని పురుషోత్తం రావుకు దగ్గరి చుట్టం.

అసలు విషయం చిన్నది. తొమ్మిది రోజుల కింద, మంగళవారం, మహేశ్ అనే కటింగ్ మాస్టరు పై అంతస్తు నుంచి సరుకుల లిఫ్టు గుంతలో పడి చనిపోయాడు. రెండింటి ప్రాంతంలో పడ్డాడు, పడగానే పోయాడు అని మేనేజరు వాంగ్మూలం. కెమెరాల రికార్డింగ్ అంతా ఆఫీసు కంప్యూటరుకు తగిలించిన ఒకే పెద్ద హార్డ్ డిస్కులోకి పోతుంది. మంగళవారం సాయంత్రం జగదీశ్ దాన్ని ఊడదీసి, భద్రంగా ఉండాలని బీరువాలో పెట్టానన్నాడు. బుధవారం ఐదింటికి పోలీసులు తీసుకుని చూస్తే వీడియోలు లేవు. లైనక్స్ ఇన్‌స్టాల్ చేసే ఇమేజ్ మాత్రం ఉంది.

సిరిసిల్ల జైలు ములాఖాత్‌లో వినోద్ కడ్డీలకు ఆనుకుని నిలబడ్డాడు. గడ్డం మాసింది. పది నిమిషాలే ఇచ్చారు.

"సోమవారం కూడ పోయినవు గదా యూనిట్‌కు. ఏం చేసినవు?"

"ఒక బూటబుల్ పెన్‌డ్రైవు తయారు చేసి ఆఫీసుల ఇచ్చి అచ్చిన మేడం. ఇమేజ్ ఫైలు కూడ అండ్లనే ఒక కాపీ వెట్టిన. చేసిన పనులు గుర్తుంచుకునేటట్టు వేరే జాగ పెట్టిన."

"ఎందుకు?"

"జగదీశ్ సారు అడిగిండు. వాళ్లకు ఇంకో యూనిట్ ఉన్నదట. 'నువ్వు లేకున్నా మేము ఇంకోటి చేస్కునేటట్టు చూపియ్యి' అన్నడు. చూపిచ్చిన. కాగితం మీద రాసి ఇచ్చిన గూడ."

ప్రేమలత కలం ఆగింది. "కాగితం మీద ఏం రాసినవు?"

"కమాండు. ఒకటే లైను. ఇంకో పెన్‌డ్రైవు పెట్టంగ దానికి ఏ పేరు పడ్తదో గదే రాసిన. గట్టిగ చెప్పిన మేడం, గా జాగల వేరే డిస్కు పెడితే అండ్ల ఉన్నదంత పోతదని. నవ్విండు. 'గింత అల్కగ పోతదా' అన్నడు."

"బుధవారం ఆఫీసు టేబుల్ కాడ కూసున్నవా?"

"రెండున్నరకు పోయిన. ఓ ఇరవై నిమిషాలు. చాయ్ తాగి, బిల్లు రాసిన. గంతే. పని మొత్తం కటింగ్ సెక్షన్లనే. నా పెన్‌డ్రైవుతోనే చేసిన, వాళ్లదాన్ని ముట్టుకోలే."

"హార్డ్ డిస్కు టేబుల్ మీద ఉండెనా?"

"ఉండె. నల్లటిది. నాకెందుకు మేడం గది?" అతను కడ్డీ పట్టుకున్నాడు. "మహేశన్న నాకు ఎర్కనే. సోమవారం ఆయననే నాకు అన్నం పెట్టిండు. ఆయన ఎట్ల వోయిండో చూసే వీడియోను నేను చెరుపుతనా?"

గార్డు కర్రతో కడ్డీ మీద కొట్టాడు. టైమైపోయింది.

*

యూనిట్ ఆఫీసులో ముగ్గురు కూర్చుని ఉన్నారు. ఎస్సై భాగ్యశ్రీ ఒకప్పుడు ప్రేమలత దగ్గర కంప్యూటర్ నేర్చుకున్న పిల్ల. ఆ మొహమాటంతోనే ఈ రెండు గంటలు ఇచ్చింది. పక్కన రిత్విక్, ల్యాప్‌టాప్ తెరిచి. టేబుల్ వెనక జగదీశ్, నలభై ఐదేళ్ల మనిషి, తెల్ల చొక్కా.

"పన్నెండున్నరకు నాకు మీటింగున్నది అక్కా," అంది భాగ్యశ్రీ.

"గంత సేపు పట్టదు." ప్రేమలత కుర్చీ లాక్కుని మోకాలు నెమ్మదిగా వంచింది. "జగదీశ్ గారూ, బీరువా తాళం ఎవరి దగ్గరుంటది?"

"నా దగ్గరనే."

"బుధవారం డిస్కు ఎన్నింటికి బయటికి తీసిండ్రు?"

"పన్నెండు గంటలకు."

"పన్నెండా, పన్నెండు దాటినంకనా?"

"కరెక్టుగ పన్నెండు. ఊరి సైరన్ మోగింది, గప్పుడు తీసిన."

"ఎందుకు?"

"పోలీసోళ్లు సాయంత్రం అస్తమన్నరు. వీడియో ఉన్నదా లేదా ఒకసారి చూస్కుందామని."

"ఉన్నదా?"

"ఉన్నది. ప్లే చేసి చూసిన. మంచిగ నడిచింది."

"మహేశ్ పడేది చూసిండ్రా?"

"చూడబుద్ది కాలే మేడం. మొదలు చూసి బంద్ చేసిన. మనోడే గదా."

"అంటే పన్నెండింటికి డిస్కు మంచిగున్నది. అండ్ల వీడియోలున్నయి. గిది మీరు మీ కండ్లతోని చూసిండ్రు."

"చూసిన. ఎస్సై మేడంకు గూడ గదే చెప్పిన. సంతకం వెట్టిన."

"బుధవారం పొద్దున ఎవరెవరున్నరు యూనిట్ల?"

"సెలవిచ్చినం. నేనొక్కన్నే."

"ఎన్నింటికచ్చిండ్రు?"

"గేటు రిజిస్టర్ల ఉన్నది. ఎనిమిది ముప్పై ఐదు."

"సోమవారం వినోద్ మీకు రాసిచ్చిన కాగితం ఏది?"

జగదీశ్ కనురెప్ప ఆగింది. "ఏం కాగితం? నాకేం ఇయ్యలే."

ఆమె రాసుకుంది. రిత్విక్ ఆవలించాడు. "ఆంటీ, రిపోర్టుల అన్నీ క్లియర్‌గ ఉన్నయి. పెన్‌డ్రైవు లాగ్‌ల కమాండు పడ్డ టైము తొమ్మిదీ పది, యూటీసీ, అంటే లండన్ టైము. మన టైముకు ఐదున్నర గంటలు కలపాలె. రెండు నలభై. ఆ టైముకు ఈ టేబుల్ కాడ వినోద్ కూర్చున్నడు. అతనే ఒప్పుకున్నడు. ఇంకేం కావాలె?"

"ముప్పై తొమ్మిదో పేజీ తియ్యి," అంది ప్రేమలత. "కమాండు ఒకటేనా పడ్డది?"

"నాలుగు. మొదటి మూడు ఫెయిల్."

"మొదటిది ఎందుకు ఫెయిలైంది?"

రిత్విక్ పేజీ తిప్పాడు. "టైపింగ్ మిస్టేక్. ఎక్కడినుంచి అని చెప్పేకాడ ఐ ఎఫ్ అని ఉండాలె, ఎల్ ఎఫ్ అని కొట్టిండు."

"ఐ ఎక్కడుంటది, ఎల్ ఎక్కడుంటది కీబోర్డు మీద?"

"పక్కపక్కన కాదు. అయితే?"

"చెయ్యి జారితే పక్క అక్షరం పడ్తది. గీడ చెయ్యి జారలే, కన్ను జారింది. చేతిరాతల ఐ అక్షరం మీద చుక్క సరిగ్గ పడకపోతే ఎల్ లెక్క కనిపిస్తది. ఎవరో కాగితం చూసి ఒక్కొక్క అక్షరం కొట్టిండ్రు. ఎనిమిదేండ్లసంది గదే కమాండు కొట్టేటోనికి కాగితమెందుకు?"

"టెన్షన్ల ఎవరైనా తప్పు కొడ్తరు."

"సరే. డిస్కుల లిస్టు తీసిన కమాండు ఉన్నదా లాగ్‌ల?"

"లేదు. దానికి లాగ్‌ల పడే అవసరం లేదు. పడకుండ గూడ తియ్యొచ్చు."

"గది నిజమే," అని ఒప్పుకుంది ప్రేమలత. ఆమెకు ఈ కుర్రాడి మీద కోపం రాలేదు. బాగా చదువుకున్నాడు. ఒక అంకె చూశాడు, దానికి ఇంకో అంకె కలిపాడు, అక్కడితో ఆగాడు. తను కూడా ఆ వయసులో అంతే. "భాగ్యశ్రీ, గీ కంప్యూటరు అప్పటిసంది ఎవరన్న ముట్టుకున్నరా?"

"సీల్ వేసినం అక్కా. ఇప్పుడే నీ ముందలనే తీసిన."

"ఆన్ చేస్త. ఎవరైనా టైము చూడుండ్రి."

విండోస్ మొదలవకముందే ఆమె మీట నొక్కి లోపలి సెట్టింగుల తెర తెచ్చింది. నీలం తెర మీద కంప్యూటరు గడియారం. 11.42. భాగ్యశ్రీ తన చేతి గడియారం చూసింది. 11.42.

"సరిగ్గనే ఉన్నది," అంది ఎస్సై.

"సరిగ్గ ఉండుడే కతంత." ప్రేమలత కోరుట్ల నుంచి తెచ్చిన పెన్‌డ్రైవు పెట్టింది. "విండోస్ ఈ లోపలి గడియారంల మన టైమే పెడ్తది. ఇంటి గోడకు గడియారం పెట్టుకున్నట్టు. లైనక్స్ పెన్‌డ్రైవు మేల్కొనంగ గదే గడియారం చూస్తది. కని అండ్ల ఉన్నది లండన్ టైమనుకుంటది. నెట్ ఉంటే అడిగి సరిచేస్కుంటది. నెట్ లేకుంటే అనుకున్నదే రాస్కుంట పోతది. రిత్విక్, నీ లాగ్‌ల నెట్ కలిసినట్టున్నదా?"

రిత్విక్ ల్యాప్‌టాప్‌లో వెతుకుతున్నాడు.

ప్రేమలత వైఫై ముట్టుకోలేదు. లైనక్స్ తెర వచ్చింది. ఆమె ఒక్క మాట కొట్టి ఎంటర్ నొక్కింది. తెర మీద తేదీ, పక్కన 11.44, దాని పక్కన యూటీసీ.

"నీ లెక్క ప్రకారం ఐదున్నర గంటలు కలుపు."

రిత్విక్ వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాడు.

"ఐదుంబావు అయితది," అంది ఆమె. "సాయంత్రం ఐదుంబావు. భాగ్యశ్రీ, నీ పన్నెండున్నర మీటింగ్ ఎప్పుడో అయిపోయింది."

రిత్విక్ మొహం ఎర్రబడింది. "నేను పెన్‌డ్రైవు కాపీ మీదనే పని చేసిన. కంప్యూటరు నా దగ్గరికి పంపలే. ఇక్కడికి నన్ను ఎవరు రమ్మనలే!"

"పంపమని అడిగినవా?"

"నన్ను అడిగింది ఎవరు చేసిండ్రు, ఎప్పుడు చేసిండ్రు అనే. మూడు రోజుల్ల రిపోర్టు కావాలన్నరు. మీరు ఇరవై ఏండ్లు చేసిండ్రు, మీకు తెల్వదా ఎట్లుంటదో? ప్రతి కేసుకు గుడ్డిగ అన్నీ విప్పుకుంట కూసుంటరా?"

"నేను గూడ విప్పలేదు నాయినా శానాసార్లు," అంది ప్రేమలత. "ఎవరెవరు జైలుకు పోయిండ్రో గిప్పటికి నిద్ర పట్టనప్పుడు యాదికొస్తరు. నెట్ కలిసిందా లేదా, గది చెప్పు."

అతను తల ఎత్తకుండానే అన్నాడు. "కలవలే. ఎవరు పాస్‌వర్డ్ కొట్టలే."

"అయితే కమాండు పడ్డది ఎప్పుడు?"

"తొమ్మిది పది." గొంతు తగ్గింది. "పొద్దున తొమ్మిది పది."

ప్రేమలత బస్సు టికెట్ కవరు టేబుల్ మీద పెట్టింది. భాగ్యశ్రీ దాన్ని తీసి, దీపం కింద తిప్పి చూసి, గేటు రిజిస్టరు దగ్గరికి లాక్కుంది. తొమ్మిదీ నలభై మూడుకు వినోద్ ఇక్కడికి రెండు గంటల దూరంలో, కోరుట్లలో బస్సులో ఉన్నాడు. తొమ్మిదీ పదికి ఈ గదిలో ఉన్నది ఒక్కడే.

"పన్నెండు గంటలకు వీడియో ప్లే చేసి చూసిన్నంటిరి," అంది ఎస్సై, రిజిస్టరు మీంచి కళ్లెత్తకుండా. "మూడు గంటల ముందే పోయిన వీడియోను ఎట్ల చూసిండ్రు జగదీశ్ గారూ?"

జగదీశ్ చొక్కా జేబులోంచి మాత్రల పట్టీ తీశాడు. ఒకటి విప్పబోతే చేతిలోంచి జారి టేబుల్ కిందికి పోయింది. "బీపీ ఉన్నది మేడం నాకు. టైములు అటిటు అయి ఉంటయి. రావుగారికి చెప్పకుండ నేను ఇంకొక్క మాట మాట్లాడ. ఐదింటికి వకీలును తోల్కొని స్టేషన్‌కు అస్త."

"ఊరు దాటొద్దు," అంది భాగ్యశ్రీ.

బయటికి వస్తూ మెట్ల మీద ఆమె ప్రేమలత చెయ్యి పట్టుకుంది. "వినోద్ గురించి కోర్టుల నేనే చెప్త అక్కా. కని వీడియో పోయింది గదా. జగదీశ్ ఎందుకు చెరిపిండో ఎన్నటికి తెల్వదు."

"వెయ్యి జీబీ డిస్కు," అంది ప్రేమలత. "దాని మీద రాసిన ఇమేజ్ నాలుగు జీబీ. ఇంటి ముందటి గోడ కూలితే వెనుకటి అర్రలు యాడికి పోతయి?"

వెనక మెట్టు మీద రిత్విక్ ఆగిపోయాడు. ఆమె అతని వైపు తిరిగింది. "నీకు తెలుసు గదా."

"తెలుసు," అన్నాడు. "తియ్యమని నన్ను ఎవరు అడగలే."

"నేను అడుగుతున్న."

*

స్టేషన్ వరండాలో బల్ల మీద లావణ్య కూర్చుని ఉంది. మహేశ్ భార్య. అదే యూనిట్‌లో కుట్టు లైనులో పని. తొమ్మిది రోజులుగా రోజూ వచ్చి అదే బల్ల మీద కూర్చుంటోంది. ఒక్కటే అడుగుతోంది. వీడియో చూపించండి. లేదని చెప్పినా మరునాడు వస్తోంది.

"ఏమన్న తెలిసిందా మేడం?" అంది ప్రేమలతను చూసి.

"ఇంకా లే బిడ్డా. తిన్నవా?"

లావణ్య తల అటూ ఇటూ కాకుండా ఊపింది.

సీలు విప్పి, పంచనామా రాసి, రెండుంబావుకు డిస్కును మరో డిస్కులోకి యథాతథంగా కాపీ చేయడం మొదలుపెట్టారు. అసలుదాని మీద చెయ్యి వేయకూడదు. అది రిత్విక్ పట్టుదల. ప్రేమలతకు అది నచ్చింది, పైకి అనలేదు. ఐదుకు పది నిమిషాలు తక్కువుండగా కాపీ అయింది. ఐదింటికి జగదీశ్ రాలేదు. వకీలు ఒక్కడే వచ్చి, తన మనిషికి ఛాతీలో నొప్పి, రేపు వస్తాడని కాగితం ఇచ్చి వెళ్లాడు.

పేర్లన్నీ మొదటి నాలుగు జీబీలతో పోయాయి. ఇక మిగిలిన మేరంతా వరసగా తవ్వుతూ, వీడియో ముక్క మొదలయ్యే గుర్తు ఎక్కడ కనబడితే అక్కడ పట్టుకోవడమే. ముక్కలు వచ్చాయి. గేటు. క్యాంటీన్. కుట్టు లైను. ఒక్కోటీ తెరిచి, మూల మీద తేదీ చూసి, పక్కన పెట్టడం. ప్రేమలత కళ్లు మండుతున్నాయి. రిత్విక్ చొక్కా చేతులు మడుచుకుని, ఆమె అడగకముందే తర్వాతిది తెరుస్తున్నాడు.

ఆరూ ఇరవైకి అతను కుర్చీలో ముందుకు వంగాడు. "మేడం. మంగళవారం. లిఫ్టు కెమెరా."

కింది అంతస్తు గది. ఎదురుగా లిఫ్టు జాలీ తలుపు తెరిచి ఉంది. మూల మీద సమయం 1.12. పైనుంచి ఏదో చీకటిగా పడింది. దుమ్ము లేచింది. భాగ్యశ్రీ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"రెండింటికి కాదు," అంది.

దుమ్ము తగ్గాక గుంత అంచు మీద ఒక చెయ్యి కనిపించింది. తర్వాత తల. మహేశ్ బతికే ఉన్నాడు. నోరు తెరిచి అరుస్తున్నాడు. ఆ పక్కగదిలో నలభై మిషన్లు నడుస్తున్నాయి. ఐదు నిమిషాలు అలా గడిచాక జేబులోంచి ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

1.19. గదిలోకి జగదీశ్ వచ్చాడు. అతని చెవి దగ్గరా ఒక ఫోను ఉంది. మాట్లాడుతూనే వచ్చి, గుంతకు రెండు అడుగుల దూరంలో ఆగాడు. మహేశ్ వీపు అతని వైపు ఉంది. ఒకడు పైన, ఒకడు కింద, ఇద్దరూ ఫోన్లో మాట్లాడుతున్నారు. జగదీశ్ గుంతలోకి తొంగి చూశాడు. మాట్లాడుతూనే వెనక్కి నడిచాడు. గది షట్టరును బయటినుంచి కిందికి లాగేశాడు.

మహేశ్ ఫోను దించాడు. ఆ తర్వాత అతను అరవలేదు, చెయ్యి ఊపలేదు. ఎవరో వస్తున్నారని మాట అందినవాడిలా గోడకు తల ఆనించాడు.

"ఆ రోజు బట్టలు కొనే కంపెనీ వాళ్లు తనిఖీకచ్చిండ్రు," అంది భాగ్యశ్రీ మెల్లగా. "పన్నెండు ముప్పావు నుంచి రెండుకు ఐదు నిమిషాలు తక్కువ దాక. వాళ్లు పోయినంకనే అంబులెన్సును పిలిచిండ్రు. లిఫ్టు ఖరాబున్నదని వాళ్లకు తెలిస్తే ఆర్డరు పోతదని..." ఆమె మాట పూర్తి చేయలేదు.

"జగదీశ్ చేతుల ఉన్న ఫోను పెద్దగ చెయ్యి," అంది ప్రేమలత.

రిత్విక్ బొమ్మను ఆపి పెద్దది చేశాడు. మసకబారింది కాని రంగు తెలుస్తోంది. గుడ్డతో కుట్టిన సంచి, ఆకుపచ్చది, అంచుకు పసుపు పట్టీ. మగవాడి ఫోనుకు ఉండే సంచి కాదు.

"గా సంచి నాది."

ముగ్గురూ వెనక్కి తిరిగారు. తలుపు దగ్గర లావణ్య నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో ఎవరూ చూడలేదు.

"నేనే కుట్టుకున్న, ముక్కలు మిగిలితే. డ్యూటీ ఎక్కేటప్పుడు కుట్టు లైనోళ్లం ఫోన్లు డబ్బల ఎయ్యాలె మేడం. డబ్బ జగదీశ్ సారు టేబుల్ మీద ఉంటది." ఆమె తెర దగ్గరికి వచ్చింది. "గాయన నాకు ఫోన్ చేసిండా?"

రిత్విక్ మౌస్ మీంచి చెయ్యి తీశాడు.

"నా ఫోన్ల ఏం కాల్ లేకుండె. సాయంత్రం ఇచ్చినప్పుడు చూస్కున్న. చచ్చేముందు ఒక్కసారన్న నన్ను యాదిజేస్కోలేదా అని..." ఆగింది. "నా ఫోను గూడ సారే తీస్కున్నడు. పగిలిందని, కొత్తది ఇప్పిస్తనని. పగల్లే మేడం అది."

"ఎప్పుడు తీస్కున్నడు?" భాగ్యశ్రీ అప్పటికే టోపీ అందుకుంది.

"బుధవారం. పొద్దుమూకి."

"ఫోను పారేసినా, చెరిపిన కాల్ ఫోన్ కంపెనీ లెక్కల్ల ఉంటది," అంది ఎస్సై, ప్రేమలతతో అన్నట్టుగా, తనతో తను అనుకున్నట్టుగా. వరండాలోకి పోయి డ్రైవరును కేకేసింది. జీపు స్టార్టయింది. గేటు చప్పుడు. ఛాతీ నొప్పి అన్న మనిషి ఏ ఆసుపత్రిలో ఉన్నాడో వాకీటాకీలో అడుగుతున్న గొంతు దూరమైంది. ఎక్కడా చేరలేదని, ఇంటికి తాళం ఉందని జవాబు వచ్చింది.

రిత్విక్ తెరను ఆపేయబోయాడు. లావణ్య అతని మణికట్టు పట్టుకుంది.

"ఇంకా ఉన్నదా?"

"ఉన్నదక్కా." అతను ఆమె మొహం చూడలేకపోయాడు. "చివరిదాక... నలభై నిమిషాలు. వద్దు."

ప్రేమలత లేచి నిలబడింది. ఈ ఇరవై ఐదేళ్లలో ఇలాంటి తెరల ముందు నుంచి ఎంతమందిని బయటికి పంపించిందో లెక్క లేదు. ఆ మాటలు నోటికి వచ్చినవే. చూసి ఏం చేస్తవు బిడ్డా. ఇంటికి పో బిడ్డా. అవి అనడానికే నోరు తెరిచింది.

"గాయన ఒక్కడే ఉన్నడు గదా మేడం అండ్ల," అంది లావణ్య. "నేను కూసుంట."

ప్రేమలత పక్కనున్న కుర్చీ లాగి ఆమెకు వేసింది. ఇంకోటి లాక్కుని తనూ కూర్చుంది.